పదకొండు వందల మాటలు బట్టీ పట్టినా నోట్లోంచి ‘గుడ్’ తప్ప రావట్లేదు

ప్రశ్న: అక్కా, మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లెటూరు. టెన్త్ వరకు తెలుగు మీడియం, ఆ తర్వాత ఇంగ్లీష్ మీడియం. బీటెక్ అయ్యాక మూడేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తున్నాను. విదేశీ చదువులకు రాసే జీఆర్ఈ పరీక్ష కోసం సీనియర్లు ఇచ్చిన లిస్టు, పదకొండు వందల మాటలు, రెండుసార్లు బట్టీ పట్టాను. కానీ క్లయింట్ కాల్‌లో నోరు తెరిస్తే గుడ్, బ్యాడ్, ప్రాబ్లమ్, వెరీ... ఇవే వస్తాయి. మొన్న ధైర్యం చేసి ఒక బగ్‌ని, అంటే సాఫ్ట్‌వేర్‌లో దొరికిన తప్పుని, ‘ఎమీలియరేట్’ చేశామని చెప్పాను. మా టీమ్‌లో ఇద్దరు నవ్వారు. ఆ రోజంతా ఏడుపొచ్చింది. అడ్వాన్స్‌డ్ వొకాబులరీ రావాలంటే ఇంకా ఏ లిస్టు చదవాలి? తెలుగు మీడియం వల్లే నాకిలా అవుతోందా?

సమాధానం:

నువ్వు అక్కా అని పిలిచావు కాబట్టి నేనూ నువ్వు అనే అంటాను.

ముందు నీ చివరి ప్రశ్న. తెలుగు మీడియం వల్ల కాదు. నేనూ టెన్త్ దాకా తెలుగు మీడియమే, తర్వాత చాలా ఏళ్లు డిగ్రీ పిల్లలకు ఇంగ్లీష్ చెప్పాను. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివి వచ్చినవాళ్లు కూడా ఒక పేజీ వ్యాసం రాయమంటే గుడ్, నైస్, థింగ్స్ దగ్గరే ఆగిపోవడం ప్రతి ఏడాదీ చూశాను. వాళ్లకు గడగడా మాట్లాడే అలవాటు ఉంటుంది, అందుకే ఆ లోటు బయటికి కనిపించదు. మాటలు పోగేసుకోవడం వేరే పని. అది ఎవరికి వాళ్లు పెద్దయ్యాక చేసుకోవాల్సిందే.

ఇక ఆ నవ్విన ఇద్దరు. కొత్త మాట వాడిన మనిషిని చూసి నవ్వడం నాకు అస్సలు నచ్చదు, అలాంటి నవ్వుల వల్లే మన ఆఫీసుల్లో ఎంతోమంది తెలిసిన విషయం కూడా చెప్పకుండా మ్యూట్‌లో ఉండిపోతున్నారు. కానీ వాళ్లను పక్కన పెట్టి ఆ మాటను చూద్దాం, ఎందుకంటే నీ ఇబ్బంది మొత్తం దాంట్లోనే ఉంది. నీ లిస్టులో ‘ఎమీలియరేట్’ ఎదురుగా ‘మెరుగుపరచు’ అని ఉండి ఉంటుంది. తప్పేమీ లేదు. అయితే ఆ మాట తిరిగేది బాధల దగ్గర, పేదరికం దగ్గర, దుర్భరమైన పరిస్థితుల దగ్గర. ఉన్న కష్టాన్ని పూర్తిగా తీసేయకపోయినా కాస్త తేలిక చేయడం అని దానికి అర్థం. వరద బాధితులు తలదాచుకున్న శిబిరంలో పరిస్థితిని ఎమీలియరేట్ చేస్తారు. బగ్‌ని ఫిక్స్ చేస్తారు, లేదా రిజాల్వ్ చేస్తారు.

ఇలాంటిది నాకూ జరిగింది. ఒక కాలేజీలో చేరిన కొత్తలో వార్షికోత్సవం ఇన్విటేషన్ ఇంగ్లీష్‌లో రాసే పని నాకు అప్పజెప్పారు. ముఖ్య అతిథి పేరున్న విద్యావేత్త. ‘ఫేమస్’ మరీ చిన్న మాటలా అనిపించి, జేబు డిక్షనరీలో ‘పేరుమోసిన’ అన్న అర్థం చూసి ‘నొటోరియస్’ అని రాశాను. తెలుగులో పేరుమోసిన డాక్టర్ ఉంటాడు, పేరుమోసిన దొంగ కూడా ఉంటాడు, ఆ మాట రెండు వైపులా నడుస్తుంది. ఇంగ్లీష్‌లో నొటోరియస్ మాత్రం దొంగ వైపే ఉంటుంది. మూడు వందల కార్డులు అచ్చయ్యాక మా సీనియర్ లెక్చరర్ చూశారు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ఒక్కో కార్డు మీద ఆ మాటను నల్ల ఇంకుతో కొట్టేశాం. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, కొట్టేస్తూ కొట్టేస్తూ ‘ఈ మాట నువ్వు ఎవరి వాక్యంలో చూశావమ్మా?’ అని మాత్రం అడిగారు. ఎవరి వాక్యంలోనూ చూడలేదు. నీకు చెప్పాలనుకున్నది కూడా అదే: వాక్యంలో చూడని మాటను వాడొద్దు, ఎన్ని లిస్టుల్లో కనబడినా సరే.

మన భాషలోనే చూడు. జలుబు చేస్తుంది, జ్వరం వస్తుంది, పడిశం పడుతుంది, దెబ్బ తగులుతుంది. జలుబు ఎందుకు ‘చేస్తుంది’, పడిశం ఎందుకు ‘పడుతుంది’ అని అడిగితే మనలో ఎవరి దగ్గరా జవాబు లేదు, చిన్నప్పటి నుంచి అలా విన్నాం కాబట్టి అలా అంటాం. తెలుగు నేర్చుకునే పరాయివాడు ‘నాకు జలుబు తగిలింది’ అంటే అర్థమవుతుంది గానీ చెవికి తేడా కొడుతుంది. ఇంగ్లీష్‌లోనూ అంతే. వాన ‘హెవీ’, కాఫీ ‘స్ట్రాంగ్’. ‘స్ట్రాంగ్ రెయిన్’ అంటే నప్పదు. తప్పును ‘మేక్’ చేస్తారు, నేరాన్ని ‘కమిట్’ చేస్తారు, డెడ్‌లైన్‌ని ‘మీట్’ అవుతారు. ఇలా ఏ మాట ఏ మాటతో కలిసి తిరుగుతుందో దాన్ని కొలొకేషన్ అంటారు. అడ్వాన్స్‌డ్ వొకాబులరీ అని నువ్వు అడుగుతున్నదాంట్లో, నా లెక్కలో, పెద్ద భాగం ఇదే. కొత్త మాటలు ఆ తర్వాత.

ఇప్పుడు ఏ మాటలు నేర్చుకోవాలన్న సంగతి. అప్పటి బెంగాల్‌లోని ఢాకాలో టీచర్లకు శిక్షణ ఇచ్చిన మైఖేల్ వెస్ట్ అనే ఆయన ఇంగ్లీష్‌లో అందరికీ నిత్యం పనికొచ్చే సుమారు 2000 మాటల జాబితా తయారుచేశారు, అది 1953లో వచ్చింది. వాటిలో ఎక్కువ భాగం నీకు వచ్చు. 2000 సంవత్సరంలో న్యూజిలాండ్‌లో ఎవెరిల్ కాక్స్‌హెడ్ అనే ఆవిడ, ఆ 2000 వదిలేసి, అన్ని రకాల చదువుల పుస్తకాల్లోనూ మళ్లీ మళ్లీ వచ్చే మాటలేవో లెక్కతీశారు. 570 కుటుంబాలు తేలాయి. కుటుంబం అంటే అనలైజ్, అనాలిసిస్, అనలిటికల్ అన్నీ కలిపి ఒకటి. చదువుకు సంబంధించిన రాతల్లో నూటికి దాదాపు 10 మాటలు వీటి నుంచే వస్తాయి. అజ్యూమ్, ఇంప్లై, ఇన్‌ఫర్, జస్టిఫై, క్లారిఫై, అలొకేట్, కన్సిస్టెంట్, యాంబిగ్యుయస్, యాడిక్వేట్, సబ్సిక్వెంట్, స్కోప్... ఇవీ ఆ మాటలు. చూశావా, ఒక్కటీ కొత్తది కాదు. అన్నీ ఎక్కడో చదివినవే, కానీ నీ నోట్లోంచి ఒక్కటీ రాదు. నువ్వు కింది మెట్టు మీద ఉన్నావు, ఆ లిస్టు నిన్ను పట్టుకెళ్లి అటక మీద పెట్టింది, మధ్యలో మెట్లు కట్టలేదు. నీ ఉద్యోగానికి కావాల్సిందంతా ఆ మధ్యలోనే ఉంది.

ఆ లిస్టు గురించి ఇంకో విషయం. సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారుతున్న ఇలాంటి లిస్టులు చాలావరకు పాత జీఆర్ఈ కోసం పుట్టినవి. అప్పట్లో ఒక మాట ఇచ్చి దానికి వ్యతిరేక పదం అడిగేవారు, అందుకని అర్థం ఒక్కటి తెలిస్తే మార్కు వచ్చేది. 2011 ఆగస్టులో ఆ పరీక్ష మారిపోయింది, విడి మాటల ప్రశ్నలు తీసేసి, వాక్యంలో ఖాళీకి ఏ మాట సరిపోతుందో అడిగే ప్రశ్నలకు ప్రాధాన్యం పెంచారు. అంటే పరీక్ష కూడా ఇప్పుడు వాక్యాన్నే అడుగుతోంది, మనం ఇంకా లిస్టే చదువుతున్నాం. నువ్వు పడ్డ కష్టం వృథా అనను. ఆ మాటలు కథనాల్లో ఎదురైనప్పుడు ‘దీన్ని ఎక్కడో చూశానే’ అనిపిస్తుంది చూడు, అది పనికొచ్చేదే. ఇంకో లిస్టు మాత్రం వద్దు.

నీ పనిలోంచే మొదలుపెడదాం. నువ్వు ప్రతిదానికీ ‘ప్రాబ్లమ్’ అంటున్నానని రాశావు. ఆ ఒక్క మాట కింద ఎన్ని వేరువేరు సంగతులు దాక్కున్నాయో చూడు. ఇంకా జరగలేదు, జరగొచ్చు అంటే అది రిస్క్. జరిగిపోయింది అంటే ఇష్యూ. కోడ్‌లో తప్పుంటే డిఫెక్ట్. వేరే టీమ్ పని పూర్తయితే గానీ మన పని కదలకపోతే డిపెండెన్సీ, అది ఆలస్యమై మనల్ని పూర్తిగా ఆపేస్తే బ్లాకర్. సర్వర్ ఒకటే ఉంది, డబ్బు ఇంతే ఉంది, ఈ హద్దులోనే చేయాలి అంటే కన్‌స్ట్రెయింట్. ఇది బాగుచేస్తే అది కాస్త పాడవుతుంది, ఏదో ఒకటే ఎంచుకోవాలి అంటే ట్రేడాఫ్. ఇవన్నీ మీ మీటింగుల్లో రోజూ వినబడేవే. వింటున్నావు, వాడట్లేదు. ‘దేర్ ఈజ్ ఎ ప్రాబ్లమ్’ అనే బదులు ‘దేర్ ఈజ్ ఎ డిపెండెన్సీ’ అన్న రోజున అవతలివాళ్లు ఎవరికి ఫోన్ చేయాలో వెంటనే తెలుసుకుంటారు. మాట గొప్పగా ఉండటం కాదు కావాల్సింది, పని సరిగ్గా చెప్పడం.

ఇంకొకటి. కొన్ని బగ్‌లు ఒకసారి వస్తాయి, ఒకసారి రావు. దాన్ని ‘సమ్‌టైమ్స్ కమింగ్, సమ్‌టైమ్స్ నాట్ కమింగ్’ అంటూ ఉంటారు. దానికి ‘ఇంటర్మిటెంట్’ అని చక్కని మాట ఉంది. ఉండుండి వచ్చే జ్వరాన్నీ, ఆగి ఆగి కురిసే వాననీ, వచ్చిపోయే నెట్ కనెక్షన్‌నీ కూడా ఇదే మాటతో చెబుతారు. చూడు, ఒక్క మాటను దాని చుట్టాలతో సహా తెలుసుకుంటే ఆసుపత్రిలోనూ ఆఫీసులోనూ పనికొస్తుంది.

రంగు కూడా ఉంటుంది మాటలకు. ఒకే అమ్మాయిని సన్నగా ఉంది అనొచ్చు, నాజూగ్గా ఉంది అనొచ్చు, బక్కగా ఉంది అనొచ్చు; మూడింటికీ కొలత ఒకటే, అన్నవాళ్ల మనసు వేరు. ఇంగ్లీష్‌లో థిన్, స్లిమ్, స్కిన్నీ అంతే. పొదుపరికి ‘థ్రిఫ్టీ’, పిసినారికి ‘స్టింజీ’. సమానార్థకాల పట్టికలో ఇవన్నీ ఒకే గీత మీద పక్కపక్కన పడుంటాయి, అందుకే ఆ పట్టికల్ని నేను నమ్మను. అలాగే తినడం, భోంచేయడం, ఆరగించడం, మెక్కడం మనకు వేరువేరు కదా, ఎవరి ముందు ఏది అనాలో ఎవరూ నేర్పకుండానే తెలుసు. ఆ తెలివి నీకు తెలుగులో నిండుగా ఉంది. ఇంగ్లీష్ మాట కనబడిన ప్రతిసారీ ‘ఇది ఆరగించడమా, మెక్కడమా?’ అని ఒక్కసారి అడుగు, సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి.

చిన్న మాటల్ని చిన్నచూపు చూడకు, ఇది గట్టిగా చెబుతున్నాను. క్లయింట్లు కాల్‌లో ‘పుట్ ఆఫ్’, ‘కాల్ ఆఫ్’, ‘రూల్ అవుట్’, ‘కమ్ అప్ విత్’, ‘ఫాల్ త్రూ’ అంటారే, అవి నీ పదకొండు వందల్లో ఉండవు. మన తెలుగులో మాట ఇవ్వడం, మాట తప్పడం, మాట పడటం, మాట జారడం ఇలాంటివే. ఇవి నీకెంత తేలిక! ‘మాట’కూ ‘పడు’కూ విడివిడిగా అర్థం తెలిసిన పరాయివాడికి ‘మాట పడటం’ అంటే తిట్టు భరించడమని ఎలా తెలుస్తుంది? వాటిని మనం నేర్చుకున్నట్టే వీటినీ విని, రాసుకుని, వాడి నేర్చుకోవాల్సిందే.

మాటల మూలాలు నేర్చుకుంటే వేలకు వేలు మాటలు వచ్చేస్తాయని వీడియోల్లో చెబుతుంటారు. కొంత నిజం ఉంది. మన సంస్కృత ఉపసర్గల సంగతి నీకు తెలుసు కదా: ప్రహారం, ఆహారం, సంహారం, విహారం, పరిహారం. ధాతువు ఒకటే, ముందున్న చిన్న ముక్క మారగానే ఒకటి దెబ్బ అయింది, ఒకటి తిండి అయింది, ఒకటి చావు అయింది. ఉపసర్గ ధాతువు అర్థాన్ని బలవంతంగా వేరే చోటికి లాక్కుపోతుందని సరిగ్గా ఈ ఐదు మాటలతోనే పాత శ్లోకం ఒకటి ఉంది. లాటిన్‌లో చూడటానికి ‘స్పెక్ట్’ అలాంటిది. లోపలికి చూస్తే ఇన్‌స్పెక్ట్, కింది నుంచి ఓరగా చూస్తే సస్పెక్ట్, ముందుకు చూస్తే ప్రాస్పెక్ట్, చుట్టూ చూసుకుని అడుగేసేవాళ్లు సర్కమ్‌స్పెక్ట్, వెనక్కి తిరిగి చూసుకునేది మీ స్ప్రింట్, అంటే ఒక విడత పని, అయ్యాక పెట్టే రెట్రోస్పెక్టివ్ మీటింగ్. ఇలా కలుపుకుంటే గుర్తుండటం తేలిక. కానీ ఆహారానికీ సంహారానికీ ఎంత దూరమో చూశావుగా, కాబట్టి మూలం చూసి అర్థం ఊహించేసి వాడకు. అర్థం తెలిశాక గుర్తు పెట్టుకోవడానికి మాత్రమే మూలం.

డిక్షనరీ విషయానికొస్తే, ఇంగ్లీష్-తెలుగు డిక్షనరీని పారేయమని నేను చెప్పను. చెట్లు, చేపలు, దినుసులు, పనిముట్లు లాంటి వాటికి తెలుగు మాట ఒక్కటి చాలు, అది చూడగానే బొమ్మ కళ్ల ముందుకు వస్తుంది. మనసులో మాత్రమే ఉండే భావాలకు మాత్రం నేర్చుకునేవాళ్ల కోసం రాసిన ఇంగ్లీష్-ఇంగ్లీష్ డిక్షనరీ కావాలి. లాంగ్‌మన్‌వాళ్ల లెర్నర్స్ డిక్షనరీలో అర్థాలన్నీ సుమారు 2000 తేలిక మాటలతోనే రాస్తారు, కాబట్టి అర్థానికి మళ్లీ అర్థం వెతుక్కునే బాధ ఉండదు. ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతుంది, ఉచ్చారణ కూడా వినొచ్చు. అర్థం చదివి ఆగిపోకుండా కింద ఇచ్చే వాక్యాలు చదువు. కలకత్తాలో పుట్టి, కడపలో పనిచేసి తెలుగును ప్రాణంలా పట్టుకున్న బ్రౌన్ దొర 1852లో అచ్చువేసిన తెలుగు-ఇంగ్లీష్ నిఘంటువు తిరగేసి చూడు, మాట అర్థంతో పాటు అది వాడుకలో ఎలా వస్తుందో కూడా చూపిస్తూ పోతారు. పరాయి భాషలోకి బయటి నుంచి వచ్చినవాళ్లకు అర్థం ఒక్కటే చాలదని ఆయనకు అనుభవంతో తెలుసు.

నోట్‌బుక్ ఒకటి పెట్టు. రోజుకు రెండు మాటలు, వారానికి పది, అంతకు మించి వద్దు. మాట కాదు, వాక్యం మొత్తం రాయి, ఎక్కడ చూశావో రాయి, దాని పక్కన వచ్చే మాటల్ని గీత గీయి, కింద నీ సొంత వాక్యం ఒకటి రాయి. ఆ సొంత వాక్యం నిజంగా నీ జీవితంలోంచి రావాలి, మీ మేనేజర్ గురించో, హాస్టల్లో నీళ్ల గురించో, మీ ఊరి మిరప తోట గురించో. పాఠ్యపుస్తకంలా రాస్తే గుర్తుండదు. వారానికి పది చొప్పున ఆ 570 కుటుంబాలూ ఏడాది మీద ఓ నెలలో పూర్తవుతాయి. ఇది మరీ నెమ్మది అనిపిస్తుందేమో, కానీ రెండుసార్లు బట్టీ పట్టిన పదకొండు వందల్లో నీ నోటికి వచ్చేవి ఎన్నో నువ్వే చెప్పావు.

మర్చిపోవడం గురించి టెన్షన్ పడకు. 1885లోనే హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థం లేని అక్షరాలను తానే బట్టీ పట్టి, ఎంతసేపట్లో ఎంత మర్చిపోతున్నాడో లెక్కకట్టి చూపించారు. మొదట్లోనే వేగంగా జారిపోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అందుకే ఇవాళ రాసినదాన్ని రేపు చూడాలి, తర్వాత మూడు రోజులకు, వారానికి, నెలకు. 1972లో సెబాస్టియన్ లైట్నర్ చెప్పిన కార్డుల పెట్టె పద్ధతి ఇదే, గుర్తున్న కార్డు వెనక గడిలోకి పోతుంది, మర్చిపోయినది మళ్లీ మొదటి గడికి వస్తుంది. ఫోన్‌లో యాంకీ లాంటి యాప్‌లు ఆ లెక్కలు వాటంతటవే చూసుకుంటాయి. అయితే కార్డు మీద ఒంటరి మాట పెట్టకు, నీ వాక్యాన్ని పెట్టి ఆ మాట దగ్గర ఖాళీ వదులు. చూసి చదవడం కాదు, మూసి గుర్తు తెచ్చుకోవాలి.

చదవడం మాత్రం తప్పదు. పోటీ పరీక్షల వాళ్లు చేసినట్టు ఎడిటోరియల్ ముందేసుకుని ప్రతి కష్టమైన మాట కింద గీత గీస్తూ కూర్చోవద్దు, అది చదవడం కాదు, ఏరుకోవడం. పాల్ నేషన్ అనే భాషావేత్త అంచనా ప్రకారం, ఎవరి సాయం లేకుండా హాయిగా చదవాలంటే నూటికి 98 మాటలు ముందే తెలిసి ఉండాలి. ఒక పేజీలో 250, 300 మాటలుంటాయి అనుకుంటే, తెలియనివి ఐదారు. అంతకు మించితే ఆ పుస్తకం ఇప్పటికి పక్కన పెట్టు, సిగ్గుపడాల్సిన పని లేదు. ఆదివారం ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ నిలబడి మధ్యలో ఒక పేజీ తీసి చేతి వేళ్ల మీద లెక్కపెట్టు. వేళ్లు సరిపోతే కొను. ఏ విషయమైనా పర్వాలేదు, క్రికెట్, వంట, నేర కథలు, నీకు ఇష్టమైనది అయితే చాలు. ఒకే విషయం మీద వరసగా మూడు నాలుగు పుస్తకాలు చదివితే అవే మాటలు మళ్లీ మళ్లీ ఎదురుపడతాయి, ఎవరూ బట్టీ పట్టించకుండానే అంటుకుంటాయి.

పలకడం గురించి చిన్న హెచ్చరిక. మనది రాసినట్టే చదివే లిపి, ఇంగ్లీష్ అలా కాదు. పుస్తకంలో మాత్రమే చూసిన మాటను కాల్‌లో పలికే ముందు ఒక్కసారి విను. ‘ఎపిటోమ్’ అని రాసి ఉన్నట్టు కనబడేది ‘ఎపిటమీ’, ‘హైపర్బోల్’లా కనబడేది ‘హైపర్బలీ’, ‘సటిల్’లో బీ పలకదు.

ఇక నోటికి రావడం. చదివితే తెలిసిన మాటకూ, అవసరానికి నోట్లోకి వచ్చే మాటకూ మధ్య చాలా దూరం, అది అందరికీ ఉంటుంది. ముందు రాతలో వాడు, తర్వాత మాటలో. మెయిల్ రాసేటప్పుడు ఆలోచించుకోవడానికి టైమ్ ఉంటుంది, పంపే ముందు మళ్లీ చదువుకోవచ్చు, ఎవరూ నవ్వరు. మెయిల్‌లో నాలుగైదుసార్లు వాడిన మాట కాల్‌లో తడబడకుండా వస్తుంది. కాల్‌కి వెళ్లే ముందు కాగితం మీద రెండే రెండు మాటలు రాసుకుని పక్కన పెట్టుకో, వీలు కుదిరితే వాడు, కుదరకపోతే రేపు. బలవంతంగా ఇరికించకు. ‘ఫిక్స్’ సరిపోయే చోట ‘ఫిక్స్’ అనడమే భాష బాగా తెలిసినవాళ్ల లక్షణం, అది ఆ రోజు నవ్విన ఇద్దరికీ కూడా తెలిసి ఉండకపోవచ్చు.

ఈ శుక్రవారం నువ్వు పంపే స్టేటస్ మెయిల్‌లో ‘ప్రాబ్లమ్’ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టు. అందులో ఒక్కదాన్ని, రిస్కో, డిపెండెన్సీయో, ఇంటర్మిటెంట్ డిఫెక్టో, అది నిజంగా ఏదైతే ఆ మాటగా మార్చి పంపు. మార్చిన వాక్యం నాకూ రాయి, చూస్తాను.